పెర్సెబయా '1927' టీషర్టు: రంగు దిగుతుంది, అయినా నాలుగు స్టార్లు

ఇండోనేషియాలోని సురబయాలో, అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు పెర్సెబయా మ్యాచ్ రోజున గెలోరా బుంగ్ తోమో స్టేడియం బయట బండి మీద కొన్నాను. ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. మొదటి ఉతుకులోనే రంగు దిగి, పక్కనున్న తెల్ల బనియన్లన్నీ ఆకుపచ్చగా అయ్యాయి. మెడ దగ్గర కుట్టు వదులు. గుడ్డ పల్చన, కాకపోతే ఆ ఊరి ఉక్కకు అదే హాయి.

నాలుగు స్టార్లూ ఛాతీ మీదున్న 1927కే. అదే బండి మీద మొసలి బొమ్మవీ ఉన్నాయి, జట్టు ముద్దుపేరే బజుల్ ఇజో, అంటే ఆకుపచ్చ మొసలి. నేను మాత్రం అంకె ఉన్నదే అడిగి తీసుకున్నా. డచ్చివాళ్ళ పాలనలో 1927లో పుట్టిన క్లబ్బు ఇది. 1930లో యోగ్యకర్తాలో దేశపు ఫుట్‌బాల్ సంఘం పీఎస్ఎస్ఐని స్థాపించిన ఏడింటిలో ఒకటి. 2010 తర్వాత క్లబ్బులో చీలిక వచ్చినప్పుడు ఆ సంఘమే దీన్ని బయట నిలబెట్టింది! అదే పేరుతో ఇంకో జట్టు అధికారిక లీగ్‌లో ఆడుతుంటే, అసలుది వేరే లీగ్‌లో 'పెర్సెబయా 1927' అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రెండో జట్టు తర్వాత సురబయా యునైటెడ్ అయి, పోలీసు జట్టుతో కలిసి భయాంగ్కరాగా మారింది. బోనెక్‌లు, అంటే ఈ క్లబ్బు అభిమానులు, జకార్తా దాకా పోయి ధర్నా చేశారు. 2017 జనవరిలో సభ్యత్వం తిరిగొచ్చింది. ఆ ఏడాదే రెండో డివిజన్ గెలిచి పైకొచ్చేశారు.

వీపు మీద గెలిచిన ఏళ్ళు వేశారు: 1988, 1997, 2004. మొదటి దాని పక్కన 0-12 కూడా వేయాల్సింది. సెమరాంగ్ జట్టు ముందుకు రాకూడదని ఆ సీజన్‌లో పెర్సిపురా అనే జట్టుకి కావాలనే అంత తేడాతో ఓడారు మరి. చరిత్ర అంటే అదీ చరిత్రే కదా.

మలాంగ్ వెళ్తే మాత్రం ఇది పెట్టెలోనే ఉంచండి. అక్కడి క్లబ్బు అరేమాతో పాత వైరం. 2022 అక్టోబరు 1న అరేమా సొంత స్టేడియం కంజురుహాన్‌లో పెర్సెబయా 3-2తో గెలిచాక పోలీసులు టియర్ గ్యాస్ వదలడంతో తొక్కిసలాట జరిగి 135 మంది పోయారు. పోయినవాళ్ళలో దాదాపు అందరూ అరేమా వాళ్ళే, ఆ రోజు బోనెక్‌లను రానివ్వలేదు. పంతాలకు పోయే చోటు కాదది.

సైజు ఒకటి పెద్దది తీసుకోండి, ఉతికితే ముడుచుకుంటుంది. విడిగా ఉతకండి.