క్లోన్‌జిల్లా: డీటీపీ కంప్యూటర్ల మీద ఏళ్ల తరబడి వాడాక

విజయవాడ ఏలూరు రోడ్డులో మాది డీటీపీ సెంటర్. కంప్యూటర్లన్నిటికీ ఏళ్లుగా క్లోన్‌జిల్లాతోనే డిస్క్ ఇమేజ్ (డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా తీసే కాపీ) తీస్తున్నాను. కంప్యూటర్ పాడైతే విండోస్ మళ్లీ ఎక్కించడం పెద్ద పనేం కాదు. అను ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, పేజ్‌మేకర్, పాత ప్రింటర్ల డ్రైవర్లు... ఇవన్నీ మళ్లీ దారికి తెచ్చుకునేసరికే ప్రాణం పోతుంది. పుస్తకం సగంలో ఉండగా ఒక్క ఫాంటు తేడా వచ్చినా పేజీలు కదిలిపోతాయి. అందుకే మాకు డిస్కు ఉన్నది ఉన్నట్టుగా కావాలి.

క్లోన్‌జిల్లా తైవాన్‌లో తయారైన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ను బూట్ చేస్తాం (ఆన్ చేస్తాం). 500 జీబీ డిస్కులో 120 జీబీ మాత్రమే నిండి ఉంటే ఆ 120నే చదివి, కుదించి దాస్తుంది. ఏదైనా పార్టిషన్‌లో (డిస్కులో విడిగా చేసిన భాగంలో) ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్లు అమర్చిన పద్ధతిని గుర్తించలేకపోతే మాత్రం ఆ పార్టిషన్ మొత్తాన్ని ఖాళీ జాగాతో సహా సెక్టార్ల వారీగా కాపీ చేస్తుంది, అప్పుడు టైమూ జాగా రెండూ బాగా పడతాయి. ఇమేజ్ తీసే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగకుండా ఉంచే సెట్టింగ్) ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ఇమేజ్ తీశాక సరిచూసే ఆప్షన్ కూడా ఉంది, అది వదలొద్దు.

భయపెట్టేది దాని స్క్రీనే. మౌస్ పనిచేయదు, అన్నీ అక్షరాలే. డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు చూపిస్తుంది. రీస్టోర్ చేసేటప్పుడు (ఇమేజ్‌ను తిరిగి డిస్కులోకి దింపేటప్పుడు) తప్పు డిస్కు ఎంచుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది. పక్కనే సైజు, మోడల్ పేరు ఉంటాయి. అవి చదివాకే వై నొక్కాలి. నేనైతే అక్కర్లేని డిస్కుల కేబుళ్లు ముందే పీకేస్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మాకు కంపోజింగ్ చేసిపెట్టే ఒకాయన కంప్యూటర్ నీళ్లలో మునిగింది. ఆయన మెషిన్ ఇమేజ్ మా దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. వేరే కంప్యూటర్‌లో కొత్త డిస్కు పెట్టి దింపాం. విండోస్ 10 కాబట్టి కొత్త మదర్‌బోర్డు మీద కూడా లేచింది. కొన్ని డ్రైవర్లు వేసుకోవాల్సి వచ్చింది, యాక్టివేషన్ మళ్లీ అడిగింది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) పాత మెషిన్ ఏ బూట్ మోడ్‌లో ఉందో అదే పెట్టాలి, ఇది మర్చిపోతే స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. ఆయన ఫాంట్లు, సగం కట్టిన పేజీలు చెక్కుచెదరకుండా కనిపించాయి. ఆ ఒక్కరోజుకే ఈ సాఫ్ట్‌వేర్‌కు నేను రుణపడిపోయాను.

లోపాలూ ఉన్నాయి. కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. 500 జీబీ హార్డ్ డిస్కు నుంచి 256 జీబీ ఎస్ఎస్‌డీకి మారదామంటే పాత డిస్కు బతికుండగానే పార్టిషన్లు చిన్నవి చేసుకుని, ఆ తర్వాత ఇమేజ్ తీయాలి. మారిన భాగం మాత్రమే తీసే సౌకర్యం లేదు, ప్రతిసారీ మొత్తం తీయాల్సిందే. కాబట్టి రోజువారీ ఫైళ్లకు మాకు వేరే కాపీ తప్పదు.

ఇమేజ్‌లోంచి ఒక్క ఫైలు బయటికి తీయడమూ క్లోన్‌జిల్లాలో తేలిక కాదు. అలాంటప్పుడు రెస్క్యూజిల్లా వాడతాను. అదీ ఉచితమే, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లను తెరుస్తుంది, మౌస్‌తో నడుస్తుంది. మా సెంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ముందు దాన్నే నేర్పించాను.