గుత్తి కోట ట్రెక్: ఎక్కించడం బాగుంది, చెప్పడం బాగాలేదు

అనంతపురం నుంచి ఆదివారం తెల్లవారుజామున బయల్దేరదీసి, గుత్తి కోట ఎక్కించి, మధ్యాహ్నం భోజనం వేళకు మళ్లీ ఊళ్లో దించే ట్రెక్ ఒకటి నడుస్తోంది. మనిషికి 850 రూపాయలు. నేను గుత్తి డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. డ్యూటీకి వెళ్తూ వస్తూ ఆ కొండను చూసినన్ని సార్లు మా ఇంటి గోడను కూడా చూసి ఉండను. అందుకే మా అమ్మాయి ఫోన్‌లో బుక్ చేస్తానంటే, "నాకు తెలియని కొండనా, దానికి డబ్బులు కూడా కట్టాలా?" అన్నాను. "దారి తెలుసు సరే నాన్నా, పడితే ఎత్తేవాళ్లు ఉండాల కదా" అంది. అదీ నిజమే.

బృందం పేరు రాయడం లేదు. నడిపేది చదువుకుంటున్న కుర్రాళ్లు. ఇక్కడ రాసిన లోపాలన్నీ వాళ్ల మొహం మీదే చెప్పేశాను. ఇలాంటి బృందాలు ఈ మధ్య మన జిల్లాల్లో చాలానే వచ్చాయి కాబట్టి, ఎవరితో వెళ్లేవాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మంచి సంగతి. నాలుగున్నరకు టవర్ క్లాక్ దగ్గర బస్సు అన్నారు, నాలుగున్నరకే ఉంది. ఇద్దరు ఆలస్యంగా వస్తామని ఫోన్ చేస్తే పది నిమిషాలు చూసి, హైవే మీద ఎక్కమని చెప్పి బండి కదిలించారు. చాలామందికి ఇది కఠినంగా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇక్కడే నమ్మకం కుదిరింది. గుత్తి కొండంతా రాయి. చెట్టు నీడ అనేది పెద్దగా లేదు. పొద్దెక్కాక పైనుంచి ఎండ, కిందనుంచి రాతి సెగ. చలికాలంలో కూడా పది దాటితే ఆ బండల మీద చెయ్యి పెట్టలేం. ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టించే వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతో మాత్రం వెళ్లకండి. మమ్మల్ని ఇంకా మసక వెలుతురు ఉండగానే కొండ కింద దించారు.

ఎక్కే ముందు ఒక్కొక్కరి సంచి తెరిపించి చూశారు. రెండు లీటర్ల నీళ్లు లేనివాళ్లకు అక్కడే సీసాలు ఇచ్చారు. ఎన్ని సీసాలు పైకి వెళ్తున్నాయో రాసుకుని, దిగాక లెక్కపెట్టి తీసుకున్నారు. ఒకాయన సీసా పైన ఎక్కడో మర్చిపోతే వాళ్లలో ఒక అబ్బాయి వెనక్కి వెళ్లి తెచ్చాడు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు వెదురు కర్రలు, క్రేప్ బ్యాండేజీ ఉన్నాయి. నాకు అడక్కుండానే కర్ర ఇచ్చారు. "అంకుల్, ఎక్కేటప్పుడు అవసరం లేదనిపిస్తుంది, దిగేటప్పుడు అడుగుతారు" అన్నాడు పిల్లోడు. షెడ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను అచ్చం ఇలాగే పనిముట్లు ఇచ్చేవాణ్ణి, కాబట్టి నోరు మూసుకుని తీసుకున్నాను.

ఇక కొండ. కింది నేల నుంచి దగ్గర దగ్గర వెయ్యి అడుగుల ఎత్తు. దారి నిటారుగా పోదు. రాళ్లు పరిచిన బాట వంపులు తిరుగుతూ ఒక ద్వారం, గోడ, మళ్లీ మలుపు, ఇంకో ద్వారం, ఇలా పోతుంది. పదిహేను ముఖద్వారాలు ఉన్నాయని చెబుతారు. నాలుగైదు దాటాక ఆ కట్టడం తెలివి అర్థమవుతుంది. ఏ ద్వారం ముందు చూసినా పట్టుమని పదిమంది గుమికూడి నిలబడే చోటు లేదు. పైగా గోడ మీద ఉన్నవాడికి మన నెత్తి కనిపిస్తుంది గానీ, మలుపు దాటేదాకా వాడు మనకు కనిపించడు. దండయాత్రకు వచ్చినవాడి సంగతేమో గానీ, సంచీ మోసుకుంటూ వెళ్లే నాకే చిరాకు పుట్టింది. ఆగి ఈ మలుపులను చూడాల్సిన కొండ ఇది. మావాళ్లు ఆగారు, ఫోటోల కోసం.

నా అసలు కంప్లైంట్ ఇక్కడే మొదలవుతుంది. కథ చెప్పడానికి ఒక అబ్బాయిని పెట్టారు. గొంతు బాగుంది, హుషారు ఉంది. మొదటి ద్వారం దగ్గరే "ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు" అన్నాడు. మన సీమలో ఏ రాయి కనబడినా రాయలకే రాసివ్వడం అలవాటు. కృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. ఈ కోటలో పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి నాటి శాసనాలు ఉన్నాయి, అంటే రాయలకు నాలుగు వందల ఏళ్ల ముందువి. విజయనగరాన్నే నిలబెట్టిన బుక్కరాయల కాలంలో ఈ గుత్తిని దుర్గాలకు రాజని రాయించారు. ఆ మాటా లేదు, ఆ శాసనాల ఊసూ లేదు. దానికి బదులు ఇక్కణ్నుంచి పెనుకొండకు సొరంగం ఉందని, అందులో గుర్రాల మీద వెళ్లేవాళ్లని చెప్పాడు. మధ్యలో ఎంత దూరమో ఒకసారి మ్యాప్ చూడు నాయనా అన్నాను. నవ్వేశాడు. పిల్లలు మాత్రం నమ్మారు.

సరే, సొరంగాలు లేని కోట మన దేశంలో ఎక్కడుంది గనక. దానికంటే నాకు బాధ కలిగించింది నీళ్ల సంగతి. ఈ కొండ మీద చూడాల్సిన మొదటి వింత బావులు. రాతి చీలికల్లో వాన నీటిని పట్టి నిలబెట్టడానికి తవ్విన బావులు, గుంటలు కోటలో చాలాచోట్ల ఉన్నాయి. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి. అలాంటి చోట, నున్నటి బండరాయి మీద, సైన్యాన్నీ గుర్రాలనూ పోషించాలంటే ప్రతి వాన చుక్కా ఎటు జారుతుందో తెలిసినవాడు ఉండాలి. బండ వాలు చూడండి, వాలు చివర బావి ఉంటుంది. మావాళ్లు వాటి పక్కనుంచే గబగబా నడిపించుకుంటూ పోయారు. ఒక బావిలో పచ్చగా పాచి నీళ్లు, అందులో చిప్స్ పాకెట్లు. "ఇక్కడ వాసన వస్తుంది, ముందుకు పదండి" అన్నారు.

గుత్తి ఓడిపోయింది ఫిరంగులకంటే దాహానికే. 1776లో హైదర్ అలీ చుట్టుముట్టినప్పుడు కోటలో ఉన్నది మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే. మామూలు మనిషి కాడు. 1751లో ఆర్కాటు కోటలో చిక్కుకున్న ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవుకు సాయంగా వస్తున్నది ఈయన దండే. అంతటివాడు నెలల తరబడి ముట్టడిని తట్టుకుని, చివరికి పైన నీళ్లు అడుగంటడంతో లొంగిపోయాడు. హైదర్ ఆయన్ను కబ్బాళదుర్గం అనే కొండ జైలుకు పంపించాడు, అక్కడే పోయాడు. ఈ కథ చెప్పాలంటే ఏదో ఒక బావి గట్టున నిలబడి, మనుషుల చేతుల్లో ఉన్న సీసాలు చూపిస్తూ చెప్పాలి. పొద్దున్నే సంచులు తెరిపించి రెండు లీటర్లు లెక్క చూసిన బృందానికి ఆ మాట తట్టకపోవడమే నాకు విడ్డూరం.

మురారి రావు పేరు చెప్పలేదని కాదు, చెప్పాడు. కొండ అంచున ఆయన కూర్చునే చిన్న మండపం ఉంది, నున్నటి సున్నపు పూతతో. అక్కడ ఆయన చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని, ఖైదీలను ఆ అంచు నుంచి తోయిస్తుంటే చూసేవాడని చెబుతారు. ఈ చివరిది మాత్రం మావాడు బాగా నటించి చూపించాడు. అందరూ అక్కడ అరగంట ఉన్నారు. ఉండాల్సిన చోటే, కాదనను. కింద ఊరంతా, ఆ వెనక రైలు పట్టాలు, గుంతకల్లు వైపు పోయేవి, ధర్మవరం వైపు విడిపోయేవి, అన్నీ కనిపిస్తాయి. గూడ్సు బండి ఒకటి హారన్ కొడితే కొండ మీదికి తేటగా వినిపించింది. దేని హారనో పక్కనున్న పిల్లకు చెప్పాను, కథలు చెప్పే అబ్బాయికంటే నా మాటే ఆ పిల్లకు నచ్చింది. అయితే అంచు దగ్గర జాగ్రత్త విషయంలో వీళ్లకు మంచి మార్కులే వేయాలి. మండపం బయట ఇద్దరు నిలబడి, సెల్ఫీకి వెనక్కి నడిచేవాళ్లను భుజం పట్టి ఆపారు. ఒకాయనకు కోపం వచ్చినా వినలేదు.

పైన తినడానికి ఉడకేసిన చెనక్కాయలు, అరటిపండ్లు. మన ఊరి చెనక్కాయలు ఉప్పేసి ఉడికించి ఇస్తే చెమట పట్టిన మనిషికి అంతకుమించి ఏం కావాలి. ఒక్కటే, కోతులుంటాయి. సంచి నేల మీద పెట్టొద్దు. కవరు చప్పుడైతే చాలు, వచ్చేస్తాయి.

దిగడం గురించి కర్ర ఇచ్చిన పిల్లోడు చెప్పింది నిజమే. పరిచిన రాళ్లు వందల ఏళ్ల కాళ్లకు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. అరిగిన మడమల బూట్లతో వస్తే జారుడే. నేను వాడింది మామూలు రబ్బరు అడుగు కాన్వాస్ బూట్లు, సరిపోయాయి. వేలకు వేలు పెట్టి ట్రెక్కింగ్ బూట్లు కొనక్కర్లేదు. చెప్పులు మాత్రం వద్దు. దిగేటప్పుడు మమ్మల్ని చిన్న గుంపులుగా విడగొట్టి, నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టారు. వెనకవాళ్లు తొందరపెట్టలేదు. ఈ పద్ధతి వాళ్లకు ఎవరు నేర్పారో గానీ చాలా బాగుంది.

కింద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. వేడిగా ఉన్నాయి, బజ్జీలో కారం మన సీమ కారమే. బెంగళూరు నుంచి వచ్చిన జంట ఒకటి బొరుగులతో ఇంత టిఫిన్ చేయొచ్చా అని రెండోసారి పెట్టించుకుంది. టీ నీళ్లగా ఉంది.

ఆ తర్వాత ఇంకా గంట టైం ఉంది. ఆ గంటలో కొండ కింద ఉన్న పాత ఇంగ్లీషువాళ్ల శ్మశానానికి తీసుకెళ్లొచ్చు. తీసుకెళ్లలేదు. నేను అడిగితే "అక్కడేముంది అంకుల్, సమాధులే కదా" అన్నారు. నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి రాసిచ్చాక, ఇక్కడ కలెక్టరుగా ఊరూరా తిరిగి రైతు పేరునే పన్ను కట్టించే పద్ధతి పెట్టిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాక కూడా ఈ ప్రాంతాన్ని చూడ్డానికే మళ్లీ వచ్చాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తెచ్చి పాతిపెట్టింది ఈ గుత్తిలోనే. తర్వాత ఎముకలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన పేరు మీద మన పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకునేవాళ్లు. దొరను పొగడమని నేను అనడం లేదు. శిస్తు వసూలు చేసినవాడు శిస్తు వసూలు చేసినవాడే. కానీ సొరంగం గుర్రాల కంటే ఇది నిజంగా జరిగిన కథ, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

ఇంకో రెండు విషయాలు. కొండ మీద టాయిలెట్ లేదు, కింద టీ హోటల్ దగ్గరున్నదే దిక్కు. ఆడవాళ్లకు ఇది ముందే చెప్పాలి, బుకింగ్ మెసేజిలో లేదు. అలాగే "అన్ని వయసులవాళ్లకు" అని రాశారు. గుండె జబ్బు, మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు సగం దాకా ఎక్కి ఆగిపోవచ్చు గానీ, అక్కడ కూర్చోబెట్టి తోడుగా ఉండే మనిషిని వీళ్లు కేటాయించలేదు. ఒక పెద్దావిడ మధ్యలో ద్వారం నీడలో ఒంటరిగా కూర్చుండిపోయింది. ఆమె కొడుకే తిరిగి దిగొచ్చాడు. అతనికి పైన ఏమీ చూసే వీలు దొరకలేదు, డబ్బులు మాత్రం పూర్తిగా కట్టాడు.

మొత్తానికి ఎక్కించడానికి, దించడానికి, టైముకు, నీళ్లకు ఐదుకు నాలుగున్నర. కథకు ఒకటిన్నర. 850 రూపాయల్లో బస్సు, టిఫిన్, కర్ర, మనుషులు అన్నీ ఉన్నాయి కాబట్టి ధర న్యాయమే. వెళ్లేవాళ్లు మురారి రావు గురించి ఒక అరగంట ముందే చదువుకుని వెళ్లండి, పైన బావుల దగ్గర మీ అంతట మీరే ఆగండి, గుంపు ఎదురుచూస్తుంది.

వచ్చే నెల పెనుకొండ పెడుతున్నారట. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు చేరుకున్న చోటు కాబట్టి అక్కడ రాయల పేరు ఎత్తినా కొంత నప్పుతుంది. బస్సు దిగేటప్పుడు ఆ అబ్బాయిని పిలిచి, "చూడప్పా, పెనుకొండకు వెళ్లినప్పుడు ఇక్కడికి వచ్చే సొరంగం ఉందని మాత్రం చెప్పొద్దు" అన్నాను. "మీరే వచ్చి చెప్పండి అంకుల్, మీకు టికెట్ ఫ్రీ" అన్నాడు. మా అమ్మాయి అప్పుడే ఒప్పేసుకుంది.