అవక్షేప శిలల కాలనిర్ణయానికి ఏది మేలు: కార్బన్ ఐసోటోపులా, సూక్ష్మశిలాజాలా?

వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు సున్నపురాతి పొరలు ఒకే కాలానివా కాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు, ముందుగా సూక్ష్మశిలాజాలనే (రాళ్లలో మిగిలిన అతి చిన్న జీవుల అవశేషాలనే) వెతకాలని నా దృఢమైన అభిప్రాయం. అంతరించిన జాతి మళ్ళీ పుట్టదు కనుక, దాని ఉనికే ఆ పొర ఏ కాలానిదో చెబుతుంది. కార్బన్ ఐసోటోపులు, అంటే ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులైన కార్బన్-13, కార్బన్-12ల నిష్పత్తికి ఆ గుణం లేదు. అది భూచరిత్రలో ఎన్నోసార్లు పెరిగింది, తగ్గింది, ఒక తగ్గుదలను విడిగా చూసి అది ఏ యుగానిదో పోల్చుకోలేము.

రాజమహేంద్రవరం పరిసరాల క్వారీలలో రెండు లావా ప్రవాహాల నడుమ ఉన్న సున్నపురాతిలో ఫొరామినిఫెరా అనే, గుల్లలున్న ఏకకణ జీవుల శిలాజాలు దొరికాయి. అవి డైనోసార్లు అంతరించిన వెంటనే మొదలైన డేనియన్ కాలపు తొలి దశవి కావడం వల్లనే, కింది లావా 6.6 కోట్ల ఏళ్ల నాటి సరిహద్దుకు దగ్గరలో ముగిసిందని పరిశోధకులు 2008లో ప్రతిపాదించగలిగారు. నదుల మంచినీరు కలిసే ఇటువంటి తీరప్రాంతపు పొరలలో ఐసోటోపుల విలువలు సులువుగా మారిపోతాయి కాబట్టి, వాటిని మాత్రమే నమ్ముకోవడం క్షేమం కాదు.

అయితే శిలాజం తాను బతికిన పరిసరాలను దాటి రాదు. సముద్రపు ఫొరామినిఫెరా నేల మీద పేరుకున్న మట్టిలో ఉండవు, ఒక జాతి అన్ని సముద్రాలకూ ఒకేసారి చేరుతుందన్న హామీ కూడా లేదు. కార్బన్ మాత్రం గాలిలోనూ నీటిలోనూ కలిసి తిరుగుతుంది. సముద్రం మొత్తం కలగలవడానికి పట్టే సుమారు వెయ్యేళ్లు భూకాలమానంలో ఏపాటి? అందుకే పాలియోసీన్, ఇయోసీన్ యుగాల సరిహద్దును 2003లో ఈజిప్టులోని దబాబియా వద్ద నిర్ణయించినప్పుడు, ఐసోటోపుల తగ్గుదల మొదలయ్యే చోటునే గీతగా తీసుకున్నారు. అదే తగ్గుదల అమెరికాలోని వయోమింగ్‌లో నాటి నేలల సున్నపు గుళికలలోనూ, క్షీరదాల దంతాలలోనూ కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, పెర్మియన్, ట్రయాసిక్‌ల సరిహద్దును 2001లో చైనాలోని మైషాన్ వద్ద హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ (పళ్ల వంటి సూక్ష్మశిలాజాలను మిగిల్చిన సముద్రజీవి) తొలి రాకతో గుర్తించారు. ఐసోటోపుల తగ్గుదల అక్కడ తోడు సాక్ష్యం. ఆ సరిహద్దు వయసు 25.19 కోట్ల ఏళ్లన్న అంకె మాత్రం ఈ రెండింటిలో దేని నుంచీ రాలేదు, అగ్నిపర్వత బూడిద పొరల జిర్కాన్ స్ఫటికాలలోని యురేనియం, సీసం ఇచ్చాయి.

కడప బేసిన్‌లోని వేంపల్లె డోలమైట్ల (మెగ్నీషియం కలిసిన సున్నపురాళ్ల) వంటి అతి పురాతన శిలలలో స్ట్రోమాటోలైట్లు (సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాతి నిర్మాణాలు) ఉన్నా, కాలాన్ని పట్టి ఇచ్చే సూక్ష్మశిలాజాలు లేవు. అక్కడ ఐసోటోపులను ఆశ్రయించక తప్పదు. కానీ ముందు మాంగనీసు, స్ట్రాన్షియంల నిష్పత్తి చూసి శిల తర్వాతి కాలంలో మారలేదని నిర్ధారించుకోవాలి. ఆపైన, పై వరుసలోని తాడిపత్రి పొరలలోకి చొరబడిన సుమారు 189 కోట్ల ఏళ్ల నాటి అగ్నిశిల కంటే ఈ డోలమైట్లు పాతవన్న హద్దుకు లోబడే ఐసోటోపుల హెచ్చుతగ్గుల వక్రరేఖను చదవాలి.