యూదుల గోడ క్యాలెండర్ (5786) కొనొచ్చా?

ఇజ్రాయెల్‌లోని హైఫాలో నేను కేర్‌గివర్‌గా చూసుకునే పెద్దావిడను ఇంట్లో అందరిలాగే నేనూ సవ్తా (హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ) అనే పిలుస్తాను. వాళ్ల వంటింట్లో ఫ్రిజ్ పక్కన వేలాడే క్యాలెండర్ గురించే ఈ రివ్యూ. ఇక్కడికి పనికి వచ్చే మనవాళ్లు ఇలాంటిది ఒకటి తప్పకుండా కొనుక్కోవాలి. సెలవులు, బస్సులు, షాపులు అన్నీ దీన్ని బట్టే నడుస్తాయి.

ప్రతి గడిలో ఇంగ్లిష్ తేదీ, పక్కన హీబ్రూ అక్షరాల్లో వాళ్ల తిథి ఉంటాయి. శుక్రవారం గడిలో దీపాలు వెలిగించే టైమ్ ఊరి వారీగా ఇచ్చారు. వీళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి పండగ సరుకులు ముందు రోజు మధ్యాహ్నానికే తెచ్చిపెట్టుకోవాలి.

నాకు బాగా నచ్చింది మొదటి పేజీ. కొత్త సంవత్సరం తిష్రే నెలలో వస్తుంది, 5786 అయితే 2025 సెప్టెంబర్ 22 సాయంత్రం వచ్చింది. కానీ ఈ క్యాలెండర్ అంతకు ముందు నెల ఎలుల్‌తోనే మొదలవుతుంది. ఆ నెలలో ఉదయం ప్రార్థనల్లో షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు. చేసిన తప్పులు గుర్తు చేసుకుని, ఎవరి మనసు నొప్పించారో వాళ్లనే క్షమాపణ అడుగుతారు. సాటి మనిషికి చేసిన తప్పును ఆ మనిషిని శాంతపరచకుండా యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం కూడా కడగదని వాళ్ల పాత ధర్మగ్రంథం మిష్నాలోనే ఉంది. మాటలు మానేసిన ఆడపడుచుకు సవ్త ఆ నెలలోనే ఫోన్ చేసింది. నంబర్ నొక్కేటప్పుడు వేళ్లు వణికాయి. అవతల ఫోన్ ఎత్తాక చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. పాత బాకీ తీరకుండా కొత్త ఏడాదిలోకి పోకూడదన్న ఈ పట్టింపు నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఏడాదికి మొదలు ఒక్కటే కాదు. మిష్నా నాలుగు కొత్త సంవత్సరాలు చెబుతుంది. చెట్లకు షెవాత్ నెల 15. నెలల లెక్కకు మాత్రం ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన నీసాన్ మొదటిది. 5786లో నీసాన్ 1, 2026 మార్చి 19న పడింది, సరిగ్గా మన ఉగాది! జగిత్యాలలో అమ్మ పచ్చడి కలిపే రోజే ఇక్కడ గడిలో నెలపొడుపు గుర్తు ఉండడం చూసి ఒళ్లు పులకరించింది.

లోపాలూ ఉన్నాయి. సగం పేజీ ఫొటోలకే పోయింది, అక్షరాలు సవ్త కళ్లకు ఆనవు. కాగితం పలచన.

5787ది కొనేవాళ్లు పెద్ద అక్షరాలున్నది, మీ ఊరి టైమ్‌లు ఉన్నది చూసుకోండి. దానికి అధికమాసం ఉంది, అదార్ నెల రెండుసార్లు వస్తుంది. 5787 మొదటి రోజు, 2026 సెప్టెంబర్ 12, శనివారం. సబ్బాతు (వారపు విశ్రాంతి దినం) కాబట్టి షోఫార్ ఊదరు. వినాలనుకునేవాళ్లు ఆదివారం ఉదయం సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరానికి) వెళ్లండి.