కట్టని షాపుకు అద్దె ఇస్తామంటే డబ్బు కట్టకండి

ఉద్యోగంలో కుదురుకుని, చేతిలో నాలుగు డబ్బులు కూడి, 'చిన్న ఆస్తి ఏదైనా కొంటే నెలనెలా అద్దె వస్తుంది కదా' అని చూస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ హెచ్చరిక. హైదరాబాద్ పశ్చిమ శివార్లలో 'రాబోయే మాల్‌లో షాపు స్థలం, మొత్తం ఒకేసారి కడితే సగం ధర, వచ్చే నెల నుంచే అద్దె' అంటూ అమ్మేవాళ్ల జోలికి వెళ్లకండి. అలాంటి ఒక సంస్థకు నేను 25 లక్షలు కట్టాను. కొన్నాళ్లు అద్దె ఠంచనుగా వచ్చింది, తర్వాత ఆగిపోయింది. స్థలంలో ఇప్పటికీ ఉన్నవి రేకుల ప్రహరీ, ఒక పెద్ద బోర్డు, దాని వెనుక వాననీళ్లు నిండిన గొయ్యి.

వాళ్ల లెక్క వినడానికి బాగుంటుంది. చదరపు అడుగు 5 వేలు, 500 అడుగులు, నెలకు 25 వేల అద్దె. అంటే ఏడాదికి 12 శాతం. అదే చుట్టుపక్కల కట్టి ఉన్న ఇళ్ల సంగతి చూడండి. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేలు వస్తే సంతోషించాలి. అది 3 శాతం పైచిలుకు. ఆస్తిపన్ను, రంగులు, మరమ్మతులు, మనిషి దొరకక ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే అదీ మిగలదు. పునాది కూడా పడని షాపు అంతకు మూడు నాలుగు రెట్లు ఎలా సంపాదిస్తుంది? అద్దె ఇవ్వాల్సింది అద్దెకు దిగినవాడు. వాడే లేనప్పుడు మీ చేతికి వచ్చేది మీరు కట్టిన డబ్బో, మీ తర్వాత కట్టినవాళ్ల డబ్బో. నిజంగా అనుమతులున్న బిల్డర్‌కు చాలాసార్లు బ్యాంకు అంతకన్నా తక్కువ వడ్డీకే అప్పిస్తుంది. మన దగ్గర 12 శాతానికి తీసుకుంటున్నాడంటే బ్యాంకు గడప ఎక్కలేకపోయాడేమోనని అనుమానించాలి.

మనం కట్టేది వాళ్లకు అప్పే అన్న మాట నా ఊహ కాదు, వాళ్ల లెక్కల్లోనే ఉంది. పన్ను రిటర్ను వేసేటప్పుడు ఫారం 26ఏఎస్ తీశాను. మన పేరు మీద ఎవరెవరు ఎంత పన్ను పట్టుకుని కట్టారో చూపే పత్రం అది. అద్దె మీద టీడీఎస్ (ఇచ్చేవాళ్లు ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటే, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అది 194ఐ సెక్షన్ కింద కనిపించాలి. నాకు కనిపించింది 194ఏ. అంటే వడ్డీ! నాకు 'యజమాని' అని శాలువా కప్పి ఫొటో తీసినవాళ్లు ఆదాయపు పన్ను శాఖకు మాత్రం నన్ను అప్పిచ్చినవాడిగా చూపించారు. ఇప్పటికే ఇలాంటి చోట డబ్బు పెట్టినవాళ్లు ఈ ఫారం ఒక్కసారి తీసి చూడండి.

ఒప్పందం 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన ఎంఓయూ, అంటే ఉత్త అవగాహన పత్రం. సర్వే నంబరు ఉంది. అంతస్తు, షాపు నంబరు ఉండాల్సిన చోట 'తదుపరి కేటాయించబడును' అని ఉంది. రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నమోదు నంబరు ఏదని ఎవరడిగినా ఒకటే జవాబు: 'అప్లై చేశాం, వారంలో వస్తుంది.' 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం నమోదు కాకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ నిషిద్ధమే. 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, 8 యూనిట్లు మించని కట్టడానికి మినహాయింపు ఉంది. మాల్ ఆ లెక్కలోకి రాదు కదా. నమోదైన ప్రాజెక్టులో కూడా సేల్ అగ్రిమెంట్ రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. 'మొత్తం ఒకేసారి' అన్న మాట వినగానే లేచి వచ్చేయడానికి అదొక్కటి చాలు.

'భూమిలో మీ వాటా రిజిస్టరు చేస్తాం, ఇంకేం భయం' అంటారు. ఏడెనిమిది గజాల అవిభాజ్య వాటా అది. వందలమందితో కలిసిన ఆ వాటాను చూపించి ఇది నాది అని గీత గీయలేరు, విడిగా అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. పైగా ఆ భూమి వాళ్లదేనా? ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే, భూమి యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (అక్కడ కట్టడానికి ఒప్పందం) రిజిస్టరు అయిందో లేదో బయటపడుతుంది.

కుర్రవాళ్లకు వేసే గాలం ఇంకొకటి ఉంది. ఇలాంటివాటికి గృహ రుణం రాదు కాబట్టి 'పర్సనల్ లోన్ తీయండి, అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుంది' అంటారు. నాతో పాటు కట్టిన ఒక అమ్మాయికి అద్దె ఆగిపోయింది, ఈఎంఐ ఆగలేదు. అప్పిచ్చే బ్యాంకు వద్దన్న ఆస్తిని మీరు అప్పు చేసి కొనడం ఏమిటో ఆలోచించండి.

డబ్బు ఇరుక్కున్నవాళ్లకు రెండు ముక్కలు. అద్దె కింద రాబోయే నెలల తేదీలు వేసి ఇచ్చిన చెక్కులను, ఆ తేదీ వచ్చాక, 'బ్యాంకులో వేయకండి, మేమే పంపిస్తాం' అని బతిమాలుతారు. చెక్కుకు ఆయుష్షు దాని మీది తేదీ నుంచి మూడు నెలలే. వేయండి. తిరిగి వస్తే, బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లోపు లాయరు నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ (చెక్ బౌన్స్) కింద ఫిర్యాదు వేయాలి. గడువు దాటితే ఆ దారి కష్టమవుతుంది. తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయవచ్చు, పోలీసుల ఆర్థిక నేరాల విభాగానికి వెళ్లవచ్చు. డిపాజిటర్ల రక్షణ కోసం 1999లో వచ్చిన చట్టం కింద ఆస్తులు జప్తు చేసే వీలుంది. 'ఒకరు కేసు పెడితే అందరి డబ్బూ ఆగుతుంది' అని డబ్బు కట్టినవాళ్ల గ్రూపుల్లో పెద్దమనుషుల్లా చెప్పేవాళ్లలో కమీషన్ తిన్న ఏజెంట్లు కూడా ఉంటారు. మా గ్రూపులో ఉన్నారు.

ఇక ఈ మధ్య కొత్త కబురు మోసుకొస్తున్నారు. పాత స్థలం బదులు ఊరి బయట ఇంకో ప్రాజెక్టులో వాటా ఇస్తారట, పైన 3 లక్షలు కట్టాలట, అసలు ఎంఓయూ, మిగిలిన చెక్కులు వెనక్కి ఇవ్వాలట. ఆ కాగితాలు ఇవ్వకండి. కోర్టులో మన దగ్గర చూపించుకోవడానికి ఉన్నవి అవే.