రస్ట్లర్ 36: సముద్రంలో భరోసా, రేవులో తలనొప్పి

ఇద్దరు మనుషులు మహాసముద్రాలు దాటడానికి తెరచాప పడవ కొనాలనుకుంటే రస్ట్లర్ 36ను చూడకుండా జాబితా పూర్తికాదు. ‘హోల్మన్ అండ్ పై’ అనే డిజైన్ సంస్థ గీసిన ఈ డిజైన్ 1980లో వచ్చింది. పొడవు 10.77 మీటర్లు, నీటిమట్టం దగ్గర 8.2 మీటర్లు, వెడల్పు 3.35, నీటిలో మునిగే లోతు 1.68. బరువు సుమారు 7.6 టన్నులు, అందులో 3.4 టన్నుల పైచిలుకు కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క) తూకమే. పొడవాటి కీల్, దాని వెనక అంచుకే బిగించిన చుక్కాని.

ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసు 2018లో జరిగినప్పుడు మొదటి మూడు స్థానాలూ ఈ డిజైన్‌కే దక్కాయి. 2022 రేసులో భారత నావికుడు అభిలాష్ టోమీ రెండో స్థానంలో నిలిచింది కూడా దీని మీదే. అయితే ఆ పోటీ నిబంధనలు 1988కి ముందు గీసిన, 32 నుంచి 36 అడుగుల, పొడవు కీల్ పడవలనే అనుమతిస్తాయి. కాబట్టి ఆ ఫలితాలు చూసి ఆధునిక డిజైన్లన్నిటికంటే ఇదే మేలనుకోకూడదు. తన జాతి పడవల్లో ఇది గట్టిది, అంతవరకే.

దీని అసలు బలం బరువు మోయడంలో ఉంది. 3,000 నాటికల్ మైళ్ల దారిని రోజుకు 120 చొప్పున లెక్కేస్తే 25 రోజులు. మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు, దాని మీద సగం అదనం కలిపితే ఇద్దరికి 300 లీటర్లు. డీజిల్ 150 లీటర్లు, 40 రోజుల తిండి 160 కిలోలు, 60 మీటర్ల 8 మిల్లీమీటర్ల గొలుసు 90 కిలోల దాకా. లంగరు, చిన్న పడవ, లైఫ్‌రాఫ్ట్, పనిముట్లు, మనుషులు కూడా ఎక్కితే మొత్తం 1,100 కిలోలకు తగ్గదు. ఈ పడవకు అది సొంత బరువులో ఏడో వంతు. అదే పొడవున్న 4.5 టన్నుల తేలిక పడవకైతే దాదాపు నాలుగో వంతు: నడక మందగిస్తుంది, తెరచాపలు, తాళ్ల మీద లెక్కకు మించిన భారం పడుతుంది. రస్ట్లర్ మాత్రం ఐదారు సెంటీమీటర్లు దిగి, ముందులాగే పోతుంది.

రెండోది దారి పట్టి ఉండడం. పొడవు కీల్ వల్ల అల తోసినా ముక్కు చప్పున పక్కకు తిరగదు, అందుకే విండ్‌వేన్‌కు (గాలి బలంతో చుక్కానిని తిప్పే పరికరం) పని తేలిక. కాకపోతే తెరచాపలు సమతూకంలో లేకపోతే ఏ వేనూ దీన్ని నడపలేదు. పడవ 20 డిగ్రీలకు మించి ఒరిగిందంటే చుక్కాని బరువెక్కి, ముక్కు గాలి వైపుకే లాగుతుంది. అప్పుడు వేన్‌ను తిట్టుకోకుండా మెయిన్‌సెయిల్‌కు (ప్రధాన తెరచాప) ఒక రీఫ్ వేయాలి, అంటే కొంత మడిచి చిన్నది చేయాలి. వేన్ నుంచి టిల్లర్‌కు (చుక్కానిని తిప్పే కర్ర) వచ్చే తాళ్లు సాగని రకానివై ఉండాలి. కొంచెం వదులుంటే చాలు, పడవ పాములా మెలికలు తిరుగుతుంది. వెనక నుంచి పలచగా గాలి వీస్తున్నప్పుడు వేన్‌కు బలం చాలదు. సర్వో పెండ్యులం రకమైతే (నీళ్లలో వేలాడే తెడ్డు ఊపుతో చుక్కానిని లాగే వేన్), గాలి రెక్క స్థానంలో చిన్న ఎలక్ట్రిక్ టిల్లర్ పైలట్ తగిలిస్తే పని జరుగుతుంది, కరెంటు కూడా పెద్దగా తాగదు.

వేగం విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. నీటిమట్టం పొడవును బట్టి హల్ వేగం (ఈ పడవ మామూలుగా అందుకోగల గరిష్ఠ వేగం) దాదాపు 7 నాట్లు, అంటే గంటకు 7 నాటికల్ మైళ్లు, అంతే. గాలి 8 నాట్లలోపు ఉంటే పెద్ద జెనోవా (ముందు తెరచాప) గానీ, తేలికపాటి ఎసిమెట్రిక్ (బుడగలా ఉబ్బే తెరచాప) గానీ లేకుండా ఇది కదలనని మొరాయిస్తుంది. వాణిజ్య పవనాల్లో అదేపనిగా అటూ ఇటూ ఊగుతుంది. రెండు ముందు తెరచాపలను కర్రలతో విప్పార్చి, మెయిన్ పూర్తిగా దించేస్తే ఆ ఊపు ఇంకా ఎక్కువవుతుంది. మెయిన్‌ను రీఫ్ చేసి ఉంచి, బూమ్ (మెయిన్ కింది అంచును పట్టే కర్ర) విసురుగా తిరగకుండా ప్రివెంటర్ తాడు కట్టడం మేలు.

రేవులో ఇంజిన్ మీద వెనక్కి నడపడం దీనితో పెద్ద పరీక్ష. ప్రొపెల్లర్ పడవ వెనక భాగాన్ని ఒక పక్కకు లాగుతుంది, చుక్కాని మాట వినదు. ఇరుకు రేవుల్లో ముక్కు ముందుగా కట్టుకోవడమే నయం. లోపల చోటు కూడా ఈ కాలపు 36 అడుగుల పడవలతో పోలిస్తే తక్కువే. నలుగురు కుటుంబంగా ఏడాది ఉండాలంటే వేరే డిజైన్ వెతుక్కోవాలి.

పాత పడవ కొంటుంటే మొదట మాస్ట్ (తెరచాప స్తంభం) చూడండి. 2018 రేసు విజేత జాన్-లూక్ వాన్ డెన్ హీడ్ పడవ అలలకు పడిపోయినప్పుడు, లోయర్ ష్రౌడ్లు (మాస్ట్‌ను పక్కల నుంచి నిలబెట్టే కింది తీగలు) పట్టుకునే బోల్టు మాస్ట్ అల్యూమినియాన్ని చీల్చుకుంటూ కిందికి జారింది. మీరు కొనే పడవలో ఆ బోల్టు రంధ్రం గుండ్రంగా ఉందా, సాగిందా చూడాలి. చుట్టూ తెల్లపొడి ఉంటే స్టీలు, అల్యూమినియం కలిసిన చోట తినేసిందని అర్థం. మాస్ట్‌ను నిలబెట్టే ఉక్కు తీగల వయసు పదేళ్లు దాటితే మార్చే ఖర్చు బేరంలోనే తగ్గించండి. చైన్‌ప్లేట్లు (ఆ తీగలను పడవకు బిగించే లోహపు పట్టీలు) డెక్ దాటే చోట లోపల చెక్క నల్లబడి ఉంటే నీరు కారుతోందన్నమాట. పడవను ఒడ్డుకెత్తించినప్పుడు చుక్కాని కింది అంచును రెండు చేతులతో పట్టి అటూ ఇటూ ఊపండి. కింది బేరింగ్ దగ్గర టకటకమంటే, అది బాగుచేయించేదాకా డబ్బు చేతులు మారకూడదు.