మంచానికి ఆనించే బేసినెట్: కొనేముందు చూడాల్సినవి

పాలిచ్చే తల్లికి ఈ రకం బేసినెట్ (తల్లి మంచం పక్కన ఆనించే పసిబిడ్డ చిన్న పడక) నిజంగా మేలు. బిడ్డ చేతికందే దూరంలోనే ఉంటుంది, పడక మాత్రం వేరు. అసలు ప్రమాదం రెండు పరుపుల మధ్య సందులో ఉంది. మంచానికి కట్టే పట్టీలు బిగించాక అంచును గట్టిగా నెట్టి చూడండి. కాస్త జరిగినా బిడ్డ ముఖం అందులో ఇరుక్కుని ఊపిరాడకపోవచ్చు. వాడేకొద్దీ పట్టీలు వదులవుతాయి కాబట్టి ప్రతి రాత్రీ చూడాల్సిందే. మంచం ఎత్తుకు సరిగ్గా అమరకపోతే ఆనించకండి, పక్కనున్న జాలీ గోడను పూర్తిగా పైకి వేసి విడి పడకగా వాడండి.

పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. అంచు పక్కన రెండు వేళ్లు దూరితే అది సరైన కొలత కాదు. గట్టిగా ఉందని చాలామంది పైన బొంత వేస్తారు. దయచేసి వద్దు! పరుపుకు బిగుతుగా తొడిగే దుప్పటి ఒక్కటి చాలు. దిండు, బంపర్ (లోపలి పక్కలకు కట్టే మెత్త), బొమ్మలు ఏవీ ఉండకూడదు.

కొన్ని మోడళ్లలో తలవైపు ఎత్తే వీలుంటుంది, పాలు కక్కకుండా అని చెబుతారు. దాన్ని వాడకండి. వాలులో గడ్డం ఛాతీకి ఆనుకుని శ్వాసదారి మూసుకుపోవచ్చు. 10 డిగ్రీలకు మించి వాలిన శిశు పడకలను అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. ఎప్పుడైనా వెల్లకిలానే పడుకోబెట్టాలి.

బిడ్డ బోర్లాపడటం మొదలుపెట్టగానే, బరువు పరిమితి దాటకపోయినా, ఊచల మధ్య 6 సెంటీమీటర్లకు మించి ఎడం లేని తొట్టి మంచానికి మార్చేయండి.